"ఎక్కడ ఆపేశారు?": కొత్త పత్రికకు పాఠకుల మాట అడిగిన నా అనుభవం

మా నమూనా సంచికకు మొదటి వారంలో వచ్చిన ఇరవై మూడు పోస్టుకార్డులలో ఇరవై ఒక్కదాని మీద ఉన్నది దాదాపు ఒకే వాక్యం: "పత్రిక చాలా ఆశీర్వాదకరముగా ఉన్నది." మిగిలిన రెండింటిలో ఒకదాని మీద పంపినవారి ఊరి పేరు తప్ప మరేమీ లేదు, రెండోదానిలో తమ ఇంటి స్థలం తగాదా తీరేలా ప్రార్థించమని కోరారు. కార్డులన్నీ బల్ల మీద పరిచి, ముప్పయ్యేళ్లు జవాబు పత్రాలు దిద్దిన అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకున్నాను గాని, గీత పెట్టడానికి అందులో ఒక్క మాటా దొరకలేదు. తరగతిలో అందరూ ఒకే జవాబు రాసినప్పుడు పంతులు ముందుగా అనుమానించవలసింది ప్రశ్నపత్రాన్నే.

పాలకొల్లుకు దగ్గరలో ఉన్న మా ఊళ్లో నలుగురం కలిసి ఈ పత్రికను తలపెట్టాం. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మిగతా ముగ్గురిలో ఒకరు మా క్రైస్తవ సంఘ కాపరి (పాస్టరు), ఇంకొకరు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని చేసుకునే కుర్రవాడు, మరొకరు కువైట్‌లో పన్నెండేళ్లు ఇంటిపని చేసి తిరిగి వచ్చిన సోదరి. విశ్వాసంలో ఉన్నవారికి, లేనివారికి కూడా కష్టకాలంలో కాస్త ధైర్యం చెప్పే నెలవారీ పత్రిక తేవాలన్నది మా కోరిక. 1867 నాటి చట్టం స్థానంలో 2023లో చేసిన పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, పేరు కోసమూ నమోదు కోసమూ ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్‌కు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు పెట్టడానికి ముందే, "నమూనా, అమ్మకానికి కాదు" అని అట్ట మీద అచ్చువేసి ఐదు వందల ప్రతులు పంచి, చదివినవారు ఏమంటారో విని, ఆ తరువాతే అడుగు వేద్దామని కాపరి గారు అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో మేము చేసిన తెలివైన పని అదొక్కటేనని ఇప్పటికీ అనుకుంటాను.

డెమ్మీ అనే అచ్చు కాగితంలో ఎనిమిదో వంతు సైజు, ముప్పై రెండు పేజీలు, లోపల మ్యాప్‌లితో కాగితం, పైన రంగుల ఆర్టు కాగితం, మధ్యలో రెండు పిన్నులు: సంచిక రూపం ఇది. జవాబులు తెప్పించుకోవడానికి తపాలా శాఖలో బిజినెస్ రిప్లై అనే పద్ధతి ఉంది. ముందుగా అనుమతి తీసుకుంటే, తిరిగివచ్చిన కార్డులకు మాత్రమే తపాలా ఖర్చు మనం కట్టుకుంటాం. ఐదు వందల ప్రతుల కోసం అంత తతంగం ఎందుకని, యాభై పైసల పోస్టుకార్డులు ఐదు వందలు కొని, వాటి మీద మా చిరునామా, మూడు ప్రశ్నలు అచ్చువేయించి, ప్రతి సంచికలోనూ ఒకటి పెట్టాం. కార్డుల ఖర్చు రెండు వందల యాభై రూపాయలే అయినా అన్ని కార్డులూ ఒక్కచోట దొరకక మూడు పోస్టాఫీసులు తిరగవలసి వచ్చింది. మా కుర్రవాడు ఫోన్‌లో నింపే ఫారం కూడా ఒకటి తయారుచేశాడు. దానిని నింపినవారు ఏడుగురు; ఆ ఏడుగురూ వాడి స్నేహితులే.

మేము అడిగిన మూడు ప్రశ్నలు ఇవి: పత్రిక మీకు నచ్చిందా? ఏ శీర్షిక బాగుంది? మీ సలహాలు ఏమిటి? చూడటానికి వీటిలో తప్పేమీ కనబడదు. కాని మా సంఘాలలో ఎవరైనా ప్రసంగం చేసి దిగగానే "వాక్యం చాలా బాగుందండి" అని చేతులు కలపడం మర్యాద. బాగా లేకపోయినా ఆ మాట అనకుండా ఇంటికి వెళ్లడం ఎవరికీ రాదు. దైవసేవ కోసమని పెట్టిన పత్రికను ఫలానాచోట బాగా లేదని రాస్తే దేవుని పనిని తప్పుబట్టినట్టవుతుందేమోనన్న భయం ఒకటి, తమకు తెలిసిన మాస్టారు రాసినదాన్ని ఎలా అంటామన్న మొహమాటం మరొకటి. ఈ రెండూ కలిసిన చోట "నచ్చిందా?" అని అడిగితే వచ్చేది దీవెన మాత్రమే.

ఈ సంగతి నాకు విడమరచి చెప్పినవారు మా సంఘంలో వారు కారు. మా వీధి చివర ఉండే పెద్దాయన ఒకరు చాలా ఏళ్లుగా రామకృష్ణ మఠం వారి తెలుగు మాసపత్రికకు చందాదారు. మొహమాటం లేకుండా చెబుతారని ఆయనకూ ఒక ప్రతి ఇచ్చాను. రెండు రోజుల తరువాత అరుగు మీద కూర్చోబెట్టి, "మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఇందులో ప్రసంగాలు ఆరున్నాయి. ఆరూ ఒక్కలాగే మొదలై ఒక్కలాగే అయిపోయాయి. చెప్పేవాళ్లే కనబడ్డారు గాని, వినేవాడు ఎక్కడా కనబడలేదండి," అన్నారు. నేను కాస్త చిన్నబుచ్చుకుని, మరి పాఠకులంతా బాగుందనే రాశారని కార్డుల సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "పెళ్లి భోజనం దగ్గర వడ్డించేవాడు ఎలా ఉందండీ అంటే ఎవరైనా బాగా లేదంటారా? విస్తట్లో ఏం వదిలేశారో చూసుకోవాలి గాని," అన్నారు.

ఆ రాత్రి నలుగురం కూర్చుని ప్రశ్నలు మార్చాం. అభిప్రాయం అడగడం మానేసి, జరిగినదేమిటో మాత్రమే అడగాలని నిర్ణయించుకున్నాం. మొదటిది, ఏ పేజీ దగ్గర చదవడం ఆపేశారు? రెండోది, ఏ మాట దగ్గర తడబడ్డారు? మూడోది, ఎవరికైనా చదివి వినిపించారా, వారు ఏమన్నారు? నాలుగోది, పత్రిక ఇప్పుడు మీ ఇంట్లో ఎక్కడ ఉంది? నాలుగో ప్రశ్న మా సోదరిది. ఆమె దాన్ని ప్రతిపాదించినప్పుడు మేము ముగ్గురం నవ్వాం గాని, నిజానికి అన్నిటికంటే ఎక్కువ చెప్పింది ఆ ప్రశ్నే. పేరు రాయనక్కరలేదని పెద్ద అక్షరాలతో వేశాం. కార్డు మీద రాసినది దారిలో ఎవరైనా చదవవచ్చునన్న సంకోచం ఉంటుందని, ఈసారి వంద మందికి రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ కవర్లు కూడా ఇచ్చాం.

జవాబుల స్వరం ఒక్కసారిగా మారిపోయింది. "తొమ్మిదో పేజీ దగ్గర ఆపాను, పాలవాడు వచ్చాడు, మళ్లీ తియ్యలేదు" అని ఒకరు రాశారు. "సంపాదకీయం రెండో పేరా వరకు" అని ముగ్గురు రాశారు. ఆ సంపాదకీయం నేను మూడు రాత్రులు కూర్చుని రాసినది. పత్రిక ఎక్కడ ఉందన్న ప్రశ్నకు బియ్యం డబ్బా మీద, టీవీ పక్కన, బైబిలు సంచిలో, మా అమ్మాయి లెక్కల పుస్తకానికి అట్టగా, అని జవాబులు వచ్చాయి. ఒక మామ్మగారు మనవడి చేత రాయించినది మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది: అట్ట మీద ప్రభువు బొమ్మ, వెనక అట్ట మీద బైబిలు వాక్యం ఉన్నాయి కాబట్టి నేల మీద పెట్టలేరు, పాత కాగితాలవాడికి వెయ్యలేరు, బజ్జీల పొట్లానికి పోతే మహాపాపం, ఒక్క గది ఇంట్లో నెలకొకటి వస్తే ఎక్కడ దాచాలి బాబూ, అని అడిగారు. అట్ట మీద బొమ్మ ఉంటే గౌరవంగా ఉంటుందని మేము అనుకున్నాం, ఆ గౌరవమే వారికి బరువు అవుతుందని మాకు తోచలేదు. రెండో సంచికకు అట్ట మీద గోదావరి గట్టు, వెనక అట్ట ఖాళీ.

అయితే కాగితం మీద వచ్చిన జవాబులన్నీ ఒక ఎత్తు, ఒక మధ్యాహ్నం నరసాపురం వైపు ఒక ఇంటి వసారాలో కూర్చుని నేను చూసినది ఒక ఎత్తు. ఆ ప్రాంతంలో ఒకప్పుడు మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన లేసు అల్లకం ఇప్పటికీ ఇంటింటా ఉంది. అల్లేటప్పుడు చేతులకు ఖాళీ ఉండదు గాని చెవులకు ఖాళీయే. అక్కడ ఐదారుగురు కూర్చుని అల్లుతూ ఉంటే, పదో తరగతి చదివిన ఒక అమ్మాయి మా పత్రిక పైకి చదువుతోంది. నేను ఒక మూల కూర్చుని, ఆమె ఎక్కడ ఆగితే అక్కడ నా ప్రతిలో గీత పెట్టుకున్నాను. నాలుగు పేజీలకు పందొమ్మిది గీతలు పడ్డాయి. "పునరుత్థానము" దగ్గర ఆమె ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ప్రయత్నించి, చివరికి "పునరుద్ధానము" అని దాటేసింది. (పత్రికల్లోనూ పోస్టర్ల మీదా ఈ తప్పు ఎంతగా స్థిరపడిందంటే, సరైన రూపం అచ్చువేస్తే అదే అచ్చుతప్పు అనుకునేవారున్నారు. ఉత్థానమంటే లేవడం; ఉద్ధరించడానికీ దీనికీ సంబంధం లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం పాఠకుల మాటకు నేను లొంగలేదు.) ఇంకో వాక్యం ఎనిమిది పంక్తులు ఉంది. అది పూర్తయ్యేసరికి ఆ అమ్మాయికి ఊపిరి అందలేదు, వింటున్న ఒకావిడ అల్లిక ఆపకుండానే, "ఇంతకీ ఆ తప్పిపోయిన కొడుకు ఇంటికొచ్చేశాడా అమ్మా?" అంది. ఆ వాక్యం కూడా నాదే.

అక్షరాల సంగతి కూడా అక్కడే తెలిసింది. ఎక్కువ వ్యాసాలు పట్టించాలని మేము పదకొండు పాయింట్ల అక్షరం వాడి, దాన్ని అడ్డంగా కాస్త నొక్కించి, పంక్తుల మధ్య ఎడం తగ్గించాం. తెలుగులో అక్షరం కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి కాబట్టి ఎడం తగ్గితే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిలో చిక్కుకుంటుంది. "ఏమండీ మాస్టారూ, అక్షరాలు చీమల బారులాగా ఉన్నాయండి. కళ్లజోడు పెట్టుకున్నా కదులుతున్నాయి," అని ఆ ఇంటి పెద్దావిడ అన్నారు. కార్డులలో ఒక్కరూ ఈ మాట రాయలేదు. చదవలేకపోయినవారు తమ చూపు తగ్గిందనుకున్నారే గాని, తప్పు అచ్చులో ఉందనుకోలేదు.

ఇక్కడ లెక్క చెప్పాలి. అక్షరాన్ని పద్నాలుగు పాయింట్లకు పెంచి, పంక్తుల ఎడం సరిచేస్తే ముప్పై రెండు పేజీల సరుకు నలభై నాలుగు పేజీలు దాటుతుంది. మేము వెళ్లే ప్రెస్సులో ఒక ఫారానికి, అంటే మడతపెట్టి కోసే ఒక పెద్ద కాగితానికి, పదహారు పేజీలు కాబట్టి, నలభై నాలుగంటే నలభై ఎనిమిది కిందే లెక్క. ఒక ఫారం కాగితం, ప్లేట్లు, అచ్చుకూలి అదనం. చందా పెంచడం మా పాఠకులకు భారం. కాబట్టి ముప్పై రెండు పేజీలు అలాగే ఉంచి సరుకు తగ్గించాలి. ఏది తీసెయ్యాలన్నది మేమైతే నెల రోజులు వాదించుకునేవాళ్లం, కాని ఎక్కడ ఆపేశారన్న జవాబులు అప్పటికే బల్ల మీద ఉన్నాయి. ఆరు ప్రసంగాలు రెండయ్యాయి. సంపాదకీయం ఒక్క పేజీ అయింది.

అదే సంపాదకీయాన్ని చివరి వరకు, అదీ రెండుసార్లు, చదివిన పాఠకుడు నాకు తెలిసి ఒకే ఒక్కడు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండే మనిషి. తెల్లవార్లూ నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ షెడ్డులో బల్బు కింద మేలుకుని ఉండాలి కాబట్టి, చేతికి దొరికిన కాగితమల్లా చదువుతాడట. దాళ్వా (రెండో పంట) కోతల రోజుల్లో పత్రిక పంచామని, పొలం పనివాళ్లు ఎవరూ దాని మొహం చూసి ఉండరని, ఇస్తే కోతలయ్యాక, కాలువలు కట్టేసిన వేసవిలో ఇవ్వాలని అతనే చెప్పాడు. ఇంత మామూలు విషయం డెల్టాలో పుట్టి పెరిగిన నలుగురికి తట్టలేదు.

భాష గురించి వచ్చినన్ని మాటలు మరి దేని గురించీ రాలేదు. 1818లో సేరంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన అచ్చయిన నాటి నుంచీ మన వారికి బైబిలు వాక్యం గ్రంథపు భాషలోనే అలవాటయింది. ప్రార్థనలో కూడా "దయచేయుము", "అనుగ్రహించుము" అనకపోతే చాలామందికి ప్రార్థన చేసినట్టే ఉండదు. అందుకని సంచికలో సగం వ్యాసాలు ఆ భాషలో రాశాం, సగం వాడుక భాషలో రాశాం. పెద్దవారు వాడుక భాషలో భక్తి తగ్గిందన్నారు. కాలేజీ పిల్లలు మొదటి రకాన్ని అసలు ముట్టుకోలేదు. ఒక పిల్ల, "నాకు లేమి కలుగదు" అన్న కీర్తనల గ్రంథం 23వ అధ్యాయం కంఠతా వచ్చినదే, "లేమి అంటే ఏమిటండీ? నేను ఇన్నాళ్లూ లేమి అంటే ఏదో జబ్బు అనుకున్నాను," అని రాసింది. ఆ పిల్ల మాట చదివి కాపరి గారు చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. ఆ అధ్యాయం మీద తాను ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటారో ఆయనకు తెలుసు. వాడుక భాషలో ఉన్న కొత్త అనువాదాలు వాడదామని నేను అన్నాను. అప్పుడు లేసు అల్లే ఆ ఇంటి పెద్దావిడ అన్న మాటను మా సోదరి గుర్తుచేసింది: "మాకు నోటికొచ్చిన వాక్యం మార్చేస్తే, అది వేరే ఎవరో చెప్పినట్టుంటుందమ్మా." చివరికి వాక్యాలను పాత అనువాదంలో ఉన్నవి ఉన్నట్టుగా వేసి, కఠినమైన మాటకు అర్థం ఆ పేజీ కిందనే ఇచ్చి, మా రాత మొత్తం వాడుక భాషలో ఉంచాలని నిర్ణయించాం. భక్తి తగ్గిందన్నవారికి ఈ ఏర్పాటు పూర్తిగా నచ్చలేదు. నచ్చదని తెలిసే చేశాం.

గల్ఫు నుంచి వచ్చినవన్నీ గొంతులే. మా సోదరి తన పాత పరిచయాల కొద్దీ కువైట్‌లోనూ మస్కట్‌లోనూ పనిచేస్తున్న కోనసీమ ఆడవాళ్లకు సంచికను వాట్సాప్‌లో పంపింది. ఇంటిపని ముగిసి, రాత్రి పదకొండు దాటాక, గొంతు తగ్గించి పంపిన మాటలు అవి. పేజీ మొత్తం ఫోన్‌లో పట్టదని, వేళ్లతో పెద్దది చేసుకుంటే పంక్తి చివర కనబడదని, చదివి వినిపించి పంపితే పాత్రలు తోముతూ వింటామని చాలామంది అన్నారు. ఒకామె చెప్పింది మాకెవరికీ తట్టనిది: "అక్కా, ఇక్కడ సెలవు శుక్రవారం. ఆరాధనా శుక్రవారమే. మీరు ఆదివారం ధ్యానం అని పెట్టారు. ఆదివారం మేం బండచాకిరీలో ఉంటాం." ఆ శీర్షిక పేరు "వారపు ధ్యానం" అయింది. పన్నెండేళ్లు అక్కడే శుక్రవారాలు గడిపిన మా సోదరి కూడా ఆ పేరు ప్రూఫుల్లో మూడుసార్లు చూసి దాటేసింది. ఆ సంగతి ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటుంది.

సంఘాల మధ్య తేడాల గురించి వచ్చినవాటిని త్వరగా చెప్పి వదిలేస్తాను. లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరన్ వారు, పెంతెకొస్తు వారు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వారు అందరూ ఉన్న ప్రాంతం మాది. ఒకరికి పరిశుద్ధుల దినాలు కావాలి, మరొకరికి స్వస్థత సాక్ష్యాలు, అంటే ప్రార్థనతో జబ్బు నయమైందని చెప్పుకునే అనుభవాలు, ఇంకా కావాలి, వేరొకరికి ఎలాంటి బొమ్మలూ వద్దు. ఈ అభిప్రాయాలలో ప్రతిదీ ఇంకొకదానిని కొట్టేస్తుంది కాబట్టి వేటినీ అమలు చేయలేదు, కాని ఎవరు ఎందుకు పత్రిక మూసేస్తారో తెలిసింది.

మా ప్రాంత చరిత్ర మీద వేసిన రెండు పేజీలను అందరూ చివరి వరకు చదివారు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట మన దేశానికి వచ్చి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాన్ని తమ ఊరు చేసుకున్న విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాల గురించిన వ్యాసం అది. అందులో ధవళేశ్వరం ఆనకట్ట ప్రస్తావన వచ్చినచోట అది 1847లో పూర్తయినట్టు రాశాను. పదకొండు మంది దిద్దారు. కాటన్ దొర పని మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి విరమించిన ఒక ముసలాయన, "ఆనకట్ట సంవత్సరం తప్పు రాసినవాడు మిగతావి సరిగ్గా రాశాడని మేమెలా నమ్మాలి?" అని రాశారు. దీవెనలతో నిండిన ఆ కార్డులన్నిటికంటే ఆ ఒక్క వాక్యం నన్ను ఎక్కువ నిలబెట్టింది. పరలోకం గురించి మేము రాసేదాన్ని సరిచూసుకునే వీలు పాఠకుడికి లేదు. ఆనకట్ట గురించి రాసినదాన్ని మాత్రం చూసుకోగలడు. అప్పటి నుంచి ప్రతి సంవత్సరాన్నీ ప్రతి పేరునూ ఇద్దరం వేర్వేరుగా సరిచూస్తున్నాం.

ఇక సాక్ష్యాల సంగతి. సంచికలో నాలుగు సాక్ష్యాలు వేశాం. జబ్బు నయమైన తల్లి, అప్పు తీరిన రైతు, తాగుడు మానిన భర్త, ఉద్యోగం వచ్చిన కొడుకు. మా దగ్గరలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సమ్మ మొదటి సాక్ష్యం పక్కన పెన్సిలుతో, "ఈవిడకు ఆపరేషన్ అయింది కదా, అది ఎందుకు రాయలేదు?" అని రాసి ప్రతినే వెనక్కి పంపింది. విచారిస్తే నిజమే. సాక్ష్యం చెప్పినావిడ ఆపరేషన్ సంగతి కూడా చెప్పిందట. రాసుకున్న మేమే, ప్రార్థన మహిమ తగ్గుతుందేమోనని, ఆ వాక్యం తీసేశాం. అబద్ధం రాయలేదని కాపరి గారు మొదట వాదించారు. అది చదివి ఎవరైనా ఆపరేషన్ మానుకుంటే ఏమిటని మా సోదరి అడిగాక ఆయన వాదించలేదు.

ఆ నాలుగు సాక్ష్యాల మీదనే ఒక ఇన్‌లాండ్ కవరు వచ్చింది. పేరు లేదు. ముద్ర సగమే పడింది. చేతిరాత చూస్తే ఏడెనిమిది తరగతులు చదివిన మనిషిదిలా ఉంది. ఎక్కడ ఆపేశారన్న ప్రశ్నకు ఆమె "పద్నాలుగో పేజీ" అని రాసి, ఆ కింద ఎందుకో చెప్పింది. తన కొడుకు తొమ్మిదేళ్లవాడు రెండేళ్ల కిందట జ్వరంతో పోయాడు. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. తానూ ప్రార్థించింది. "మీ పుస్తకంలో ప్రార్థన చేసినవాళ్లందరికీ జరిగింది. జరగనివాళ్లు లేరు. నేను చేసిన ప్రార్థనలో ఏమి తప్పో మీరు చెప్పలేదు. అందుకని పద్నాలుగో పేజీలో మూసేశాను. నాకు దేవుని మీద కోపం లేదు. నేను ఇప్పటికీ మందిరానికి వెళతాను. మీ పుస్తకంలో మాత్రం నేను లేను."

ఆ కవరును నలుగురం ఒకరి చేతి నుంచి ఒకరం తీసుకుని చదివాం. జవాబు రాద్దామంటే చిరునామా లేదు, పేరు రాయనక్కరలేదని చెప్పింది మేమే. దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు అని ఒక వ్యాసం వేద్దామని కాపరి గారు అన్నారు. అది మళ్లీ ప్రసంగమే అవుతుందని నేను అన్నాను. ఆ రాత్రి కొంచెం గట్టిగానే మాటలు నడిచాయి. ప్రోత్సాహం కోసం పెట్టిన పత్రికలో జవాబు రాని ప్రార్థనల గురించి వేస్తే బలహీనుల విశ్వాసం ఏమవుతుందన్నది ఆయన బాధ. అది తేలికగా తీసెయ్యదగిన బాధ కాదు, ఆయన నెలకు రెండు మూడు సమాధి కార్యక్రమాలు జరిపించే మనిషి. కాని కీర్తనల గ్రంథంలో మొరపెట్టుకున్న కీర్తనలు ఎన్ని లేవు? వాటిలో 88వ కీర్తన చివరి వరకు చీకటిలోనే ఉండి, అక్కడే ఆగిపోతుంది. బైబిలులో చోటు దొరికినదానికి మా ముప్పై రెండు పేజీలలో చోటు లేకుండా పోయిందా అని నేను అడిగాను. ఆయన బైబిలు తీసి ఆ కీర్తన మొత్తం మెల్లగా చదివి, "పేజీ నంబరు పద్నాలుగే పెట్టండి," అన్నారు.

రెండో నమూనా సంచికలో పద్నాలుగో పేజీ ఆ ఉత్తరానిదే. ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిగతాది ఆమె రాసినది రాసినట్టుగా వేశాం. కింద 88వ కీర్తన సంఖ్య మాత్రమే ఇచ్చాం. జవాబు గాని, వ్యాఖ్యానం గాని రాయలేదు. సాక్ష్యాలు నాలుగు నుంచి రెండుకు తగ్గాయి. వాటిలో వైద్యం జరిగితే వైద్యం సంగతి, అప్పు తీరితే ఎలా తీరిందన్న సంగతి తప్పనిసరిగా ఉంటుంది.

వినని సలహాలూ ఉన్నాయి. కానుకలు ఇచ్చినవారి పేర్లు ఫోటోలతో వేస్తే పత్రిక నిలబడుతుందని ముగ్గురు నలుగురు పెద్దలు గట్టిగా చెప్పారు. బహుశా వారు చెప్పినదే నిజం, అయినా వెయ్యలేదు. ప్రవచనాల ప్రకారం లోకం ఎప్పుడు ముగుస్తుందో నెలనెలా రాయమన్నవారికి మర్యాదగా ఉత్తరం రాశాం.

పత్రిక పేరు కోసం పాఠకులు పంపిన వాటిలో నుంచి ఐదు పేర్లు ఏరి, ఇష్టం కొద్దీ వరుసగా రాసి పెట్టుకున్నాం. దరఖాస్తు పని మా కుర్రవాడు చూస్తున్నాడు. రెండో సంచికలు కోతలయ్యాక, వేసవిలోనే పంచాం. ఆ కవరు మీది సగం ముద్రను కాపరి గారు వెలుతురులో పెట్టి చాలాసార్లు చూశారు. వసిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డు ఊరని మాత్రం ఆయనకు అనిపించింది. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అటువైపు సంఘాలలో తనకు తెలిసిన కాపరులకు పదేసి ప్రతుల చొప్పున ఇచ్చి, ఎవరికని చెప్పకుండా పంచమని అడిగి వచ్చారు. ప్రశ్నల కార్డులు వాటిలోనూ ఉన్నాయి. అటు నుంచి ఇప్పటికి నాలుగు కార్డులు తిరిగి వచ్చాయి. నాలుగూ వేరే చేతిరాతలు.